అద్దాల తొట్టిలో నాచు... తొందరపడితే చేపలకే చేటు!

(పిస్కాటవే, న్యూజెర్సీ నుంచి)

‘‘నాన్నా, చేపలు కనిపించట్లేదు!’’

పొద్దున్నే మా ఏడేళ్ల అమ్మాయి పెట్టిన కేక అది. లేచి వెళ్లి చూస్తే నిజమే. హాల్లో కిటికీ పక్కన ఇరవై గ్యాలన్ల అక్వేరియం. అందులో నీళ్లు గోంగూర ఉడికించిన నీళ్లలా ఉన్నాయి. చేపలు లోపలే ఉన్నాయి, కానీ అద్దానికి ఆనుకుని వస్తే తప్ప కనిపించవు. అద్దం మీద వేలు పెట్టి గీస్తే పచ్చటి పాకుడు గీతలు పడుతోంది.

అప్పుడు నేను చేసిన పని వల్ల పదిహేడు చేపల్లో పన్నెండు చచ్చిపోయాయి. నాచు వల్ల కాదు, నా తొందర వల్ల. విదేశాల్లో మన వాళ్లు చాలామంది పిల్లల కోసమో, ఒంటరితనం పోవడానికో ఇంట్లో ఓ చేపల తొట్టి పెట్టుకుంటున్నారు. వాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య రాక తప్పదు. అందుకే నా అనుభవం నలుగురికీ చెప్పాలనిపించింది.

ఖాళీ చేతులు... నిండు డబ్బా

నేనేమీ చేపల డాక్టర్ని కాను. సివిల్‌లో డిప్లొమా చేసి దుబాయ్‌లో ఆరేళ్లు సైటు సూపర్‌వైజర్‌గా పనిచేశాను. పెళ్లయ్యాక మా ఆవిడ ఉద్యోగం వల్ల న్యూజెర్సీ వచ్చాం. ఆమె వీసా మీద నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఇక్కడా గోదాములు కట్టే సైట్లలో అదే పని. తెల్లవారుజామున అయిదింటికి బూట్లు వేసుకుంటే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు.

ఆ మధ్య పర్మిట్ రెన్యువల్ ఆలస్యమైంది. నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాను. పనికి అలవాటుపడ్డ మనిషిని కూర్చోబెడితే ఏమవుతుందో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకు తెలుసు. మా ఆవిడ ఆఫీసుకి, పాప బడికి వెళ్లిపోతే ఇంట్లో నేనూ, చేపలూ మిగిలేవాళ్లం. లేవగానే తొట్టిలో లైటు వేసేవాణ్ని. పడుకోబోయే ముందు ఆపేవాణ్ని. ఎదురుగా కూర్చుంటే చేపలు ముందుకొచ్చి నోరు ఆడించేవి. పాపం, ఆకలేమో అని చిటికెడు మేత వేసేవాణ్ని. రోజుకి నాలుగైదు సార్లు! దానికితోడు కిటికీ లోంచి మధ్యాహ్నపు ఎండ.

అంటే రోజుకి పదహారు గంటల వెలుతురు, అక్కర్లేనంత మేత. నాచుకి ఇంతకంటే కావాల్సిందేముంది? ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

ఒక్క రోజులో మూడు తప్పులు

పాప కేక విన్న రోజున నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సైట్లో ఏదైనా చెడితే సాయంత్రంలోగా సరిచేయడం మనకు అలవాటు కదా! తొట్టిలోని రాళ్లు, బొమ్మలు అన్నీ బయటికి తీసి తోమేశాను. ఫిల్టర్‌లోని స్పాంజిని కుళాయి వేడి నీళ్ల కింద పిండి పిండి తెల్లగా చేశాను. ఆ పైన నాచు చంపే మందు సీసా కొనుక్కొచ్చి పోశాను. సీసా మీద రాసిన కొలత కంటే ఓ మూత ఎక్కువే.

రాత్రికి నీళ్ల పచ్చదనం కాస్త విరిగినట్టనిపించింది. హాయిగా పడుకున్నాను.

తెల్లారి అయిదున్నరకు మెలకువ వచ్చి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఎనిమిది నియాన్ టెట్రాల్లో అప్పటికే మూడు అడుగున పడి ఉన్నాయి. ఆ దృశ్యం నాకు కొత్త కాదు. మాది పశ్చిమ గోదావరిలో ఆకివీడు దగ్గర ఊరు. చుట్టూ చేపల చెరువులే. తెల్లవారుజామున చేప పైకి తేలితే రైతులు ఏరేటర్లు తిప్పడానికి పరుగెత్తడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్నే. మా మేనమామ ముప్ఫై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నాడు. వెంటనే ఆయనకే ఫోన్ చేశాను. అక్కడ అప్పుడు సాయంత్రం.

‘‘ఏరా అల్లుడూ, ఇయ్యాల పనిలేదా?’’

‘‘మావయ్యా, చేపలు చచ్చిపోతున్నాయి.’’

‘‘అమెరికాలో నీకు చెరువెక్కడిదిరా?’’ అని ముందు నవ్వాడు. సంగతంతా విన్నాక రెండే ప్రశ్నలడిగాడు. ‘‘మేత ఎంతేస్తన్నావు? నాచు చంపాక నీళ్లు మార్చావా?’’

నేను నీళ్లు నమిలాను.

‘‘చచ్చిన నాచు ఎక్కడికీ పోదురా. ఆ నీళ్లలోనే కుళ్లుద్ది. కుళ్లేదానికీ గాలి కావాలి, చేపకీ గాలి కావాలి. తెల్లారగట్ట చేపే ఓడిపోద్ది. ముందు సగం నీళ్లు మార్చి గాలి పెట్టు. మాటలు తర్వాత.’’

అలాగే చేశాను. అయినా సాయంత్రానికి మిగిలినవి అయిదు. మూడు గప్పీలు, అడుగున తిరిగే రెండు కోరిడోరాలు. బడి నుంచి వచ్చిన పాప తొట్టి వైపు చూసి ఏడవలేదు. ‘‘నాన్నా, మందు వేసింది నువ్వే కదా?’’ అని మాత్రం అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మావయ్యకు కావాలి, మనకు వద్దు

తర్వాత తీరిగ్గా మావయ్యతో మాట్లాడితే ఒక విచిత్రం తెలిసింది. మన జిల్లాల్లో చేపల రైతులు నీళ్లు పచ్చబడాలనే కోరుకుంటారు. అందుకోసం చెరువులో పశువుల ఎరువు, యూరియా, సూపర్ ఫాస్ఫేట్ చల్లుతారు. నత్రజని, భాస్వరం అందితే నీళ్లలో కంటికి కనపడనంత చిన్న నాచు పుడుతుంది. దాన్ని చిన్న పురుగులు తింటాయి, ఆ పురుగుల్ని బొచ్చె లాంటి చేపలు తింటాయి. పచ్చదనం మరీ ముదిరితేనే రైతుకు భయం. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వెలుతురు లేనప్పుడు అదీ ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు ఆ వేళకే తేలడానికి కారణం ఇదే.

అంటే నాచు రోగం కాదు. అది ఒక లెక్క. వెలుతురు, ఎరువు మిగిలిపోతే ఆ మిగులును తినడానికి వచ్చేది నాచు. దాన్ని ఎంత గీకినా, ఎన్ని మందులు పోసినా మిగులు అలాగే ఉంటే వారంలో మళ్లీ వస్తుంది. గోడకి చెమ్మ కొడుతుంటే పైపు లీకు కట్టకుండా పైన రంగు వేసినట్టే!

మరి మన తొట్టిలో యూరియా ఎవరు చల్లారు? మనమే. మేత రూపంలో. చేప తిన్నది పోగా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. చేప విసర్జించేదీ అమ్మోనియాయే. ఇది చేపకు విషం. ఫిల్టర్‌లోని స్పాంజి, అడుగున రాళ్లు పట్టుకుని ఉండే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపకు ఇబ్బంది లేదు. కానీ మొక్కకూ నాచుకూ అది ఎరువు.

ఈ బ్యాక్టీరియా కొత్త తొట్టిలో స్థిరపడడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాంక్రీటు క్యూబ్ టెస్టుకి ఇరవై ఎనిమిది రోజులు ఆగుతాం కదా. ఇదీ అంతే. స్లాబు వేసిన మర్నాడే సెంట్రింగ్ పీకితే ఏమవుతుందో సైటు వాళ్లకు చెప్పక్కర్లేదు. వేడి నీళ్లతో స్పాంజి పిండి నేను చేసింది సరిగ్గా ఆ పనే. విషాన్ని విరిచే బ్యాక్టీరియాను చంపాను. అదే రోజు మందుతో నాచునూ చంపి నీళ్లలోనే కుళ్లబెట్టాను. నీళ్లు మార్చకుండా పడుకున్నాను. మూడు తప్పుల్లో ఏ ఒక్కటైనా చేపలు ఓర్చుకునేవేమో. మూడూ ఒకేసారి చేస్తే ఎలా?

రంగు చూసి కారణం చెప్పొచ్చు

నాచులన్నీ ఒకటి కావు. మీ తొట్టిలో వచ్చింది ఏదో ముందు గుర్తుపట్టండి.

గోధుమ రంగు దుమ్ము: కొత్త తొట్టిలో మొదటి వారాల్లో అద్దం మీద, రాళ్ల మీద వస్తుంది. వేలితో తుడిస్తే పోతుంది. ఇవి డయాటమ్‌లు. తొట్టి కుదురుకున్నాక చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. కంగారు పడొద్దు.

పచ్చటి చుక్కలు: అద్దానికి గట్టిగా అంటుకుంటాయి. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకితే వస్తాయి. గాజు తొట్టి అయితే బ్లేడు వాడొచ్చు. అక్రిలిక్ తొట్టికి బ్లేడు తగిలితే గీతలు పడతాయి, జాగ్రత్త.

పచ్చ నీళ్లు: మా ఇంట్లో వచ్చింది ఇదే. నాచు నీళ్లలోనే తేలుతుంటుంది కాబట్టి గీకడానికి ఏమీ ఉండదు. సగం నీళ్లు మార్చినా మిగిలిన సగం మళ్లీ పెరుగుతుంది. దీనికి మంచి మందు చీకటి. లైటు ఆపి, తొట్టి చుట్టూ దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు ఉంచాలి. గాలి పంపు మాత్రం ఆపకూడదు. ఆ రోజుల్లో మేత వేయకపోయినా పెద్ద చేపలకు ఏమీ కాదు. దుప్పటి తీసిన వెంటనే సగం నీళ్లు మార్చాలి. లేకపోతే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

జుట్టులాంటి నాచు: పొడుగాటి పచ్చటి పోగులు. పాత టూత్ బ్రష్‌కు చుట్టి లాగితే నూలు ఉండలా వచ్చేస్తుంది. బ్రష్‌కు పేస్టు వాసన కూడా ఉండకూడదు.

నల్లటి కుచ్చులు: చెక్క ముక్కల మీద, ఫిల్టర్ మూతి దగ్గర గడ్డంలా వేలాడుతుంది. నల్లగా ఉన్నా ఇది ఎర్ర నాచు జాతి. అన్నిటికంటే మొండిది. అది పట్టిన ఆకులు కత్తిరించి పారేయడమే మేలు.

నీలి ఆకుపచ్చ పొర: జిగటగా దుప్పటిలా పరుచుకుంటుంది, వాసన కొడుతుంది. అసలు ఇది నాచే కాదు, బ్యాక్టీరియా. వరి పొలంలో నత్రజని కోసం మన రైతులు వేసే నీలి ఆకుపచ్చ నాచు, మందుల షాపులో అమ్మే స్పైరులినా ఈ కుటుంబానివే. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది కూడా దీని పూర్వీకుల వల్లే. అంత చరిత్ర ఉన్నా మన తొట్టిలో మాత్రం వద్దు. పొరను సన్నటి గొట్టంతో నీళ్లతో పాటే బయటికి లాగేయాలి.

లైటు, మేత, బకెట్టు

ఇప్పుడు మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ఖర్చు పెద్దగా లేదు.

మొదటిది లైటు. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు చాలు. ప్లగ్గులో పెట్టే చిన్న టైమరు కొన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు వెలుగుతుంది, రాత్రి ఎనిమిదికి ఆరిపోతుంది. తొట్టిని కిటికీ దగ్గర్నుంచి లోపలి గోడకు మార్చాం. నీళ్లతో సహా లాగకండి. ఇరవై గ్యాలన్లంటే డెబ్బై అయిదు లీటర్లు, ఒక్క నీళ్ల బరువే డెబ్బై అయిదు కిలోలు. అద్దాల అతుకు వదిలితే కింద అపార్ట్‌మెంటు వాళ్లు పైకొస్తారు. గల్ఫ్‌లో షిఫ్టుల వల్ల గదిలో ఇరవై నాలుగ్గంటలూ ట్యూబ్‌లైటు వెలిగే చోట తొట్టి పెట్టుకున్న మిత్రులు దాన్ని వెలుతురు తక్కువ పడే మూలకు మార్చుకుంటే మంచిది.

రెండోది మేత. రోజుకి ఒక్కసారి. రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే. వారానికో రోజు ఉపవాసం పెట్టినా నష్టం లేదు. చేప నోరు ఆడించిందంటే ఆకలని కాదు, మనల్ని చూస్తే మేత వస్తుందని దానికి అలవాటైంది. ఇండియా వెళ్లేటప్పుడు పక్కింటి వాళ్లకు మేత డబ్బా ఇచ్చి వెళ్లకండి. ప్రేమ కొద్దీ గుప్పెడేస్తారు! పెద్దవాళ్లు మాత్రలు పెట్టుకునే ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది చూశారా, అందులో రోజుకింతని సర్ది ఇవ్వండి. డబ్బా దాచేయండి.

మూడోది నీళ్లు. వారానికోసారి పావు వంతు మార్చాలి. మా తొట్టికి సరిగ్గా సైట్లో వాడే అయిదు గ్యాలన్ల బకెట్టు. కానీ సైటు బకెట్టు ఇంటికి తేకండి. అందులో ఏ రసాయనం కలిపారో తెలియదు. చేపల కోసం కొత్తది కొని విడిగా ఉంచండి. సబ్బు తగలనివ్వకండి. గొట్టంతో అడుగున రాళ్ల మధ్య చెత్తను లాగుతూ నీళ్లు తీయాలి. ఆవిరైన నీళ్లను నింపడం నీళ్లు మార్చినట్టు కాదు. ఆవిరయ్యేది నీరొక్కటే, ఎరువంతా తొట్టిలోనే మిగిలిపోతుంది.

స్పాంజిని అలా తీసిన తొట్టి నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు. అదీ అద్దాలు తోమిన రోజున కాదు, మరో వారం. అన్నీ ఒకే రోజు శుభ్రం చేయాలన్న ఆరాటమే నా కొంప ముంచింది.

కుళాయి నీళ్ల సంగతి

ఇంటి దగ్గర మనం బకెట్టులో నీళ్లు పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ వాసన పోయేది. అమెరికాలో చాలా ఊళ్లలో ఆ చిట్కా పనిచేయదు. ఇక్కడ క్లోరిన్‌కు అమ్మోనియా కలిపిన క్లోరమిన్ వాడే నీటి సంస్థలు చాలా ఉన్నాయి. అది రాత్రికి రాత్రి ఎగిరిపోదు. కాబట్టి క్లోరమిన్‌ను కూడా విరిచే నీటి మందు కొని, సీసా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి. చలికాలంలో కుళాయి నీళ్లు మంచులా వస్తాయి. తొట్టి నీళ్ల వేడికి దగ్గరగా కలిపి పోయాలి. గప్పీలు, టెట్రాలు 24-26 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుఖంగా ఉంటాయి.

మరో సంగతి. పాత సీసం పైపుల నుంచి సీసం నీళ్లలోకి దిగకుండా ఇక్కడ చాలా నీటి సంస్థలు భాస్వరం ఉన్న మందు కలుపుతాయి. మనుషులకు అది మేలే. నాచుకు మాత్రం ఎరువు. కొన్ని చోట్ల కుళాయి నీళ్లలోనే నైట్రేట్ ఉంటుంది. తాగునీటిలో నైట్రేట్‌కు అమెరికా ప్రభుత్వం పెట్టిన హద్దు, నైట్రోజన్ లెక్కన, లీటరుకు 10 మిల్లీగ్రాములు. మీ ఊరి నీళ్లలో ఏముందో నీటి సంస్థ ఏటా ఇచ్చే నివేదికలో ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఓసారి చదవండి. దానితో పాటు నీళ్లలో ముంచి చూసే పరీక్ష కాగితాలు కొనుక్కుంటే తొట్టిలో నైట్రేట్ ఎంతుందో ఇంట్లోనే తెలుస్తుంది.

కూలికి పెట్టుకున్నవాడే ఇంటికి బరువైతే...

‘నాచు తినే చేపను వేస్తే సరిపోతుంది కదా’ అనుకుంటాం. షాపులో వేలెడంత ప్లీకో చేపను చూపిస్తారు. అద్దానికి మూతి ఆనించి నాకుతూ ముచ్చటగా ఉంటుంది. కానీ మామూలు ప్లీకో అడుగు దాటి పెరుగుతుంది. అదెంత తింటుందో అంత విసర్జిస్తుంది. ఇరవై గ్యాలన్ల తొట్టిలో ఏనుగును కట్టేసినట్టే.

పెరిగాక చాలామంది దాన్ని తీసుకెళ్లి ఏటిలోనో చెరువులోనో వదిలేస్తారు. దాని ఫలితం ఏమిటో మావయ్యను అడిగితే తెలిసింది. ఇదే జాతి సక్కర్ చేపలు ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో పెరిగిపోయి వలలు చింపుతున్నాయి. అక్కడ వాటిని డెవిల్ ఫిష్ అంటున్నారు. వాటికి అక్కడ ధర లేదు, ఒళ్లంతా ముళ్లపెంకు. ఎక్కడో ఓ అద్దాల తొట్టిలో నాచు తినడానికి కొన్న చేప మావయ్య వలను చింపుతోందన్నమాట! ఇక్కడ రారిటాన్ నదిలోనైనా, అక్కడ కొల్లేటిలోనైనా తొట్టి చేపనూ, మొక్కనూ, నీళ్లనూ వదలొద్దు. వద్దనుకుంటే షాపు వాళ్లకో, మరో చేపల ప్రియుడికో ఇచ్చేయండి.

చిన్న తొట్టికి నెరైట్ నత్తలు మేలు. మంచినీళ్లలో వాటి గుడ్లు పొదగవు కాబట్టి సంతతి పెరిగిపోదు. అమానో రొయ్యలు జుట్టునాచును బాగా తింటాయి. జపాన్‌కు చెందిన తకాషి అమానో (1954-2015) అక్వేరియంలలో వాటిని ప్రచారంలోకి తెచ్చాడు కాబట్టి ఆ పేరు. అయితే రాగి ఉన్న నాచు మందు వేస్తే ముందు చచ్చేవి ఈ రొయ్యలూ, నత్తలే. వీటన్నిటికంటే చవక ఉపాయం వేగంగా పెరిగే మొక్కలు. నాచు తినాల్సిన ఎరువును అవి ముందే లాగేసుకుంటాయి. మనీప్లాంట్ కొమ్మ ఒకటి తెచ్చి వేళ్లు మాత్రమే నీళ్లలో మునిగేలా పెట్టినా చాలు.

కొన్నవాటి విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2021 మార్చిలో అమెరికాలో పెద్ద గొలుసు షాపుల్లో అమ్మిన పచ్చటి ‘మాస్ బాల్స్’లో జీబ్రా మసల్స్ అనే ఆల్చిప్పలు బయటపడ్డాయి. చాలా రాష్ట్రాల్లో వాటిని వెనక్కి తీసుకున్నారు. అవి చెరువుల్లోకి చేరితే పైపుల్లో పేరుకుని నీళ్ల సరఫరానే ఆపేస్తాయి. తమాషా ఏమిటంటే ఆ బంతి కూడా నాచే. ఒకచోట డబ్బిచ్చి కొంటున్నాం, ఒకచోట డబ్బిచ్చి చంపుతున్నాం!

పెద్ద తొట్టిలోనూ ఇదే లెక్క

ఈ లెక్క అద్దాల తొట్టికే కాదు. న్యూజెర్సీలో అతి పెద్ద సరస్సు లేక్ హొపాట్‌కాంగ్. 2019 జూన్‌లో అక్కడ నీలి ఆకుపచ్చ నాచు విరగబడి పెరిగింది. సెలవులు మొదలయ్యే వేళ ఈతకు దిగొద్దని హెచ్చరించారు. ఆ వేసవి అక్కడి వ్యాపారాలు దెబ్బతిన్నాయి. వానలకు ఒడ్డు నుంచి కొట్టుకొచ్చిన భాస్వరం, ఎండ వేడి కలిస్తే జరిగేది అదే. ఇళ్ల ముందు పచ్చికకు వేసే ఎరువు నీళ్లలోకి చేరకూడదని ఈ రాష్ట్రం 2011లోనే చట్టం చేసింది. మట్టి పరీక్షలో లోపం ఉందని తేలితే తప్ప పచ్చికకు భాస్వరం ఎరువు వేయకూడదు. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా అసలు ఎరువే వేయకూడదు. సొంతిల్లు కొనుక్కున్న మన వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ సంగతీ ఇదే. పదహారో శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. మురుగు రూపంలో దానికి మేత వేస్తూ వచ్చాం. ఎండాకాలంలో పచ్చటి పొర, ముక్కు మూసుకునే వాసన. మందులు చల్లినా, పడవలతో చెత్త ఎత్తినా లోపలికొచ్చే మురుగు ఆగనంత కాలం నాచు తిరిగి వస్తూనే ఉంటుంది. తొట్టి ఎంత పెద్దదైనా వేసేది తగ్గించాలి, తీసేది పెంచాలి. అంతకు మించిన రహస్యం లేదు.

అక్కడ గీకొద్దు!

నాలుగు నెలల తర్వాత పర్మిట్ వచ్చింది. మళ్లీ అయిదింటికి బూట్లు. మేత వేసే పని పాపది. ఏడు అరల డబ్బాలో ఆ రోజు అర తెరిచి వేస్తుంది, మూసేస్తుంది. నేను ఆదివారం బకెట్టు పట్టుకుంటాను. ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో చేపల మీద నేను చూపించింది ప్రేమే. కాకపోతే అది వాటి అవసరం కొద్దీ కాదు, నా అవసరం కొద్దీ. ఉద్యోగం లేక, వీసా కాగితం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న మిత్రులకు ఒక్క మాట. చేతులు ఊరుకోకపోతే ఆ చేతులకు వేరే పని చెప్పండి, మేత డబ్బా మాత్రం అందనంత ఎత్తులో పెట్టండి.

నాచు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. ముందు అద్దం, పక్క అద్దాలు తుడుస్తాను. వెనక అద్దం మీద పల్చటి పచ్చదనం ఉంది. మొన్న ఆదివారం తొట్టి ముందు కూర్చున్నప్పుడు ఎందుకో దాన్ని కూడా గీకేద్దామని చెయ్యి పెట్టాను. పాప గభాలున నా మోచెయ్యి పట్టుకుంది.

‘‘నాన్నా, అక్కడ గీకొద్దు. పిల్లలున్నాయి.’’

కళ్లద్దాలు సర్దుకుని చూశాను. వెనక అద్దం మీద పచ్చదనంలో మూతులు ఆనించి ఏదో ఏరుకుంటూ ఆవగింజంత కళ్లతో నాలుగు గప్పీ పిల్లలు. ఫోన్‌లో మావయ్యకు ఫొటో పంపాను.

‘‘మొత్తం ఎన్నయ్యాయిరా?’’ అని అడిగాడు.

‘‘తొమ్మిది మావయ్యా.’’

‘‘మరి ఆ నాచు తియ్యకు’’ అన్నాడు.